చెట్టుకప్పల వంశవృక్షం

సాదృశ్యం వేరు, బాంధవ్యం వేరు. ఒకే ముఖకవళికలు గల ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఏమీ కానివారు కావచ్చు. ఒక తల్లి బిడ్డలలో ఏ పోలికా కనిపించకపోవచ్చు. ఈ సంగతి లోకంలో అందరూ ఎరిగినదే. కాని జీవరాశుల వర్గీకరణలో దీనిని ఆచరణకు తెచ్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు చాలాకాలం పట్టింది. ఉష్ణమండల వర్షారణ్యాలలోని చెట్టుకప్పల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. దానిని మా విద్యార్థులకు సంగ్రహంగా వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

చెట్టుకప్పను గుర్తించడం కష్టం కాదు. వ్రేళ్ళ కొనలు గుండ్రని బిళ్ళలవలె వెడల్పుగా ఉంటాయి. చివరి రెండు వ్రేలియెముకల నడుమ అదనంగా ఒక మృదులాస్థి ఖండం ఉంటుంది. వీటి సహాయంతో ఆ కప్ప నున్నని ఆకును సైతం పట్టుకొని నిలువగలదు. లిన్నేయస్ 1758లో ఐరోపా చెట్టుకప్పను సాధారణ కప్పల ప్రజాతియైన 'రానా'లోనే చేర్చాడు. 1768లో లారెంటి 'హైలా' అను ప్రజాతిని ఏర్పరచాడు. అటుపిమ్మట ఏ ఖండంలో చెట్టెక్కే కప్ప కనిపించినా దానికి హైలా అని పేరు పెట్టడం పరిపాటి అయినది. వానకాలంలో మన ఇళ్ళ సున్నపు గోడలను అంటిపెట్టుకొని ఉండే కప్పకు కూడా 1830లో గ్రే 'హైలా మాక్యులేటా' అనియే నామకరణం చేశాడు. ఆంగ్లేయులు 'చునాం కప్ప' అని పిలిచినది దీనినే.

అయితే దాని అస్థిపంజరం వేరొక కథ చెప్పినది. అమెరికా ఖండపు హైలాలలో రొమ్ము భాగంలోని ఇరుప్రక్కల మృదులాస్థులు ఒకదానిపై ఒకటి కదలాడుతూ ఉంటాయి. మన గోడకప్పలోను, దాని ఆసియా బంధువులలోను అవి మధ్యరేఖ వద్ద గట్టిగా కలిసి ఉంటాయి. చెరువుగట్టున ఉండే రానా కప్పల నిర్మాణమూ ఇదే. బౌలెంజర్ 1882లో బ్రిటిష్ మ్యూజియం కప్పల పట్టికను ప్రకటించినప్పుడు ఇటువంటి లక్షణాలనే ఆధారంగా గ్రహించి, ఆసియా చెట్టుకప్పలను రానా పక్షాన చేర్చాడు. నేడు వీటిని 'రాకోఫోరిడే' అను ప్రత్యేక కుటుంబంగా పరిగణిస్తున్నారు. మన గోడకప్ప పేరు 'పాలిపెడేటిస్ మాక్యులేటస్' అయినది. నిజమైన హైలా మన దేశంలో ఈశాన్యపు కొండలలో మాత్రమే కనిపిస్తుంది.

మరి బంధుత్వం లేనివానికి ఇంతటి పోలిక ఎట్లు వచ్చినది? జీవన పరిస్థితులు ఒకటే కావడం వలన వచ్చినది. కొమ్మపై బ్రతుకవలసిన జీవికి పట్టు కావాలి, తేలికైన దేహం కావాలి, ముందుకు చూచే పెద్ద కన్నులు కావాలి. వేరువేరు వంశాలు వేరువేరు ఖండాలలో ఒకే అవసరానికి ఒకే విధమైన సాధనాలను సంపాదించుకున్నవి. దీనినే అభిసారి పరిణామం అంటారు.

జన్యుపదార్థ పరిశీలన ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసినది. మడగాస్కర్ చెట్టుకప్పలను పూర్వం ఆసియా కుటుంబంలోనే లెక్కించేవారు. అవి ప్రత్యేకమైన సోదరశాఖ అనియు, రెండు శాఖలూ తమతమ భూభాగాలలో విడివిడిగా ఒకే రకపు రూపాలను పొందినవనియు 2000లో బోసుయిట్, మిలింకోవిచ్ నిరూపించారు. 2005లో ఫైవోవిచ్ బృందం అమెరికా చెట్టుకప్పలను పునర్వర్గీకరించినప్పుడు, వందలాది జాతులతో నిండిన హైలా ప్రజాతి కొన్ని పదుల జాతులకు కుదించుకుపోయినది.

మన సహ్యాద్రి అడవులలోను ఇటువంటి సవరణ జరిగినది. తోకకప్ప దశ లేకుండా, గ్రుడ్డునుండి నేరుగా చిన్న కప్పగానే వెలువడే పొదకప్పలు అక్కడ అనేకం. వీటినన్నిటిని పూర్వం 'ఫైలాటస్' అనేవారు. 2010లో బిజూ, ఆయన సహచరులు వీటిలో అధికభాగాన్ని వేరుచేసి 'రావోర్కెస్టిస్' అను ప్రజాతిని స్థాపించారు. దక్షిణ భారత కప్పలపై కృషి చేసిన సి. ఆర్. నారాయణరావు గారి స్మారకంగా ఆ పేరు ఏర్పడినది. ఆయన తొలి సంపాదకుడుగా ఉండిన 'కరెంట్ సైన్స్' పత్రికలోనే ఆ వ్యాసం వెలువడడం విశేషం. అందులో వర్ణించిన కొత్త జాతి ఆనముడి శిఖరంపై గడ్డిదుబ్బుల మొదళ్ళలో నివసించే పొట్టికాళ్ళ ఎర్రని కప్ప. అది చెట్టెక్కదు, అయినా వంశరీత్యా చెట్టుకప్పయే! పోలిక ఉండి బంధుత్వం లేకపోవడం మొదట చూచాము. బంధుత్వం ఉండి పోలిక లేకపోవడం ఇది.

ఇదంతా పేర్ల తగాదా మాత్రమే కదా అని కొందరు భావించవచ్చు. శ్రీలంక అనుభవం ఈ భావనను ఖండిస్తున్నది. ఆ ద్వీపంలో పొదకప్పల జాతులు ఊహించినదానికన్న ఎన్నో రెట్లు అధికమని 2002లో వెల్లడైనది. కాని వాటిలో కొన్ని మ్యూజియం సీసాలలోని పాత నమూనాలుగా మాత్రమే మిగిలినవి. అడవిలో ఎంత వెదకినా కానరాలేదు. గుర్తింపు పొందేనాటికే అవి అంతరించినవి. వేరు జాతి అని తెలియనిదానిని ఎవరూ లెక్కించరు. లెక్కలో లేనిదానిని ఎవరూ రక్షించరు. ఒక కొండకే పరిమితమైన జాతిని విస్తారమైన జాతిగా పొరబడినప్పుడు, ఆ కొండమీది అడవిని నరికినా నష్టం మనకు కనిపించదు.

కనుక జీవశాస్త్ర విద్యార్థులు వర్గీకరణను కంఠస్థం చేయవలసిన పట్టికగా భావించరాదు. ఎముక, గ్రుడ్డు, కూత, జన్యువు, ఈ సాక్ష్యాలన్నిటినీ విచారించి ఇచ్చే తీర్పు అది; కొత్త సాక్ష్యం లభించినప్పుడు ఆ తీర్పు మారుతుంది. ఈ వానకాలంలో గోడపై కప్ప కనిపించినప్పుడు తరిమివేయక ఒక నిమిషం దాని వ్రేళ్ళను పరిశీలించవలసినదిగా మా విద్యార్థులను కోరుతున్నాము.