లైట్ల కీబోర్డు కథ

"అమ్మా, నాకొక కీబోర్డు కావాలె" అంది మా అమ్మాయి, నేను గిన్నెలు సర్దుతుంటే.

"ఉన్నదానికేమైంది? మంచిగనే ఉందిగా!"

"అది టైపింగుది. నాకు ఆటలాడుకునేది కావాలె. లైట్లుండేది."

నాకు ఒళ్లు మండింది. "లైట్లెందుకే? వినాయకుని మండపమా?" అన్నాను. మా అమ్మాయి మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి మహబూబ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలికి ఫోన్‌లో ఈ సంగతి నవ్వుతూ చెప్పాను. అది నవ్వలేదు. "పెద్దోడు క్రికెట్ కిట్ అడిగిననాడు ఎందుకని అడిగినవా అక్కా?" అంది. నిజమే! నాలుగు వేలు పోసి మారు మాట లేకుండా కొన్నాం. కొడుకు అడిగితే "ఎంత?" అంటాం, కూతురు అడిగితే "ఎందుకు?" అంటాం. డిగ్రీ చదువుతూ, సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునే ఆడపిల్ల రాత్రి గంటసేపు వాలరెంట్ ఆడుకుంటే తప్పేముంది? పైగా "సగం పైసలు నేనిస్త" అంటోంది.

సరేనని నల్గొండలోనే ఒక కొట్లో ఎనిమిది వందలకు ఒకటి తెచ్చాను. డబ్బా మీద రంగురంగుల బొమ్మ, "మెకానికల్ ఫీల్" అని పెద్ద అక్షరాలు. ఇంటికొచ్చి పెడితే తెలిసింది అసలు సంగతి. ముందుకు, పక్కకు పోతూ ఎగరాలంటే మూడు మీటలు ఒకేసారి నొక్కాలట. మూడోది పనిచేయదు! రంగులా... వరసకో రంగు, అంతే. మార్చుకోవచ్చంటే వెలుగు పెంచడం, తగ్గించడం మాత్రమేనట. కొట్టతను వాపస్ తీసుకోలేదు. ఎనిమిది వందలు పోయాక బుద్ధొచ్చి, అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని వివరాలు నేర్చుకున్నాను. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మీటల కింద ఏముంది?

చవక కీబోర్డుల్లో మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పొర ఉంటుంది. దాన్నే మెంబ్రేన్ అంటారు. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ విడిగా స్ప్రింగు, స్విచ్చి ఉంటాయి. "మెకానికల్ ఫీల్" అన్నారంటే అది మెకానికల్ కాదనే అర్థం చేసుకోండి! జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980లలో ఈ ఎమ్మెక్స్ స్విచ్చిలు తెచ్చింది. 2014 ప్రాంతంలో దాని పేటెంటు గడువు తీరడంతో చైనా కంపెనీలూ అలాంటివే చేయడం మొదలుపెట్టాయి. అందుకే ఇప్పుడవి మనలాంటివాళ్లకూ అందే ధరకు వచ్చాయి.

స్విచ్చిల్లో మామూలుగా మూడు రకాలు. నీలం రంగువి టక్కు టక్కుమని మోగుతాయి. గోధుమ రంగువి నొక్కినట్టు వేలికి తెలుస్తుంది గానీ పెద్దగా చప్పుడుండదు. ఎరుపువి మెత్తగా జారిపోతాయి. మాది రెండు గదుల ఇల్లు. తెల్లారి ఆరింటికే డ్యూటీకి పోయే మా ఆయనకు నీలం స్విచ్చిలుంటే ఇంక నిద్రెక్కడిది? అందుకే ఎరుపుకే ఓటేశాం.

రంగుల లెక్క

"కోటీ అరవై ఏడు లక్షల రంగులు" అని ప్రకటనల్లో రాస్తారు. అబద్ధం కాదు. ఒక్కో మీట కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఉంటాయి. ఒక్కోదాని వెలుగు 256 మెట్లు. మూడింటినీ హెచ్చవేస్తే అంత సంఖ్య వస్తుంది. అడగాల్సింది ఇదొక్కటే: "ప్రతి మీటకూ వేరే రంగు పెట్టుకోవచ్చా?" పెట్టుకోవచ్చంటే, ఆ అమరిక కీబోర్డులోనే గుర్తుంటుందా, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ నడుస్తుంటేనే ఉంటుందా అన్నది కూడా కనుక్కోండి.

కొట్లోనే చూసుకోండి

* నోట్‌ప్యాడ్ తెరిచి రెండు షిఫ్ట్ మీటలూ నొక్కిపట్టి, అక్షరాలన్నీ కొట్టి చూడండి. కొన్ని అక్షరాలు పడకపోతే ఆటలకు దాన్ని నమ్ముకోలేం.
* అక్షరాలు పైన అచ్చువేసినవి కొన్నాళ్లకు చెరిగిపోతాయి. రెండు ప్లాస్టిక్కులతో పోతపోసిన డబుల్‌షాట్ మీటలైతే చెరగవు. అక్షరంలోంచి వెలుగూ వస్తుంది.
* తెలుగు టైపింగు కోసం స్టిక్కర్లు అంటిస్తే వెలుగు ఆగిపోతుంది. లైట్లా, స్టిక్కర్లా ముందే తేల్చుకోవాలి.
* కుడివైపు అంకెల మీటలు లేనివి కాస్త చవక, మౌసుకు చోటూ మిగుల్తుంది. ఇంట్లో ఎవరైనా లెక్కలు రాసే పని చేస్తుంటే మాత్రం అవి ఉన్నదే నయం.
* బిల్లు, వారంటీ తీసుకోకుండా కొట్టు దిగొద్దు.

ఈసారి తల్లీబిడ్డలం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాం. అక్కడ వరసగా కంప్యూటర్ కొట్లే. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు గనక దారి ఖర్చు మిగిలింది. నాలుగు కొట్లు తిరిగి, నొక్కి చూసి, బేరమాడితే రెండు వేల ఏడు వందలకు మంచిది దొరికింది. ముందే తెలుసుకునుంటే ఆ ఎనిమిది వందలూ మిగిలేవి కదా!

ఇప్పుడు రాత్రిపూట పెద్ద లైటు ఆర్పేసి, మీటల వెలుగులోనే ఆడుకుంటుంది మా అమ్మాయి. పక్కనే అన్న హాయిగా నిద్రపోతాడు. లైట్లెందుకో నాకప్పుడు తెలిసింది.

మొన్న చిట్టీ లెక్కలు రాసుకుందామని కూచుంటే, ఏదో మీట నొక్కింది. పై వరసలో అంకెలు మాత్రమే పసుపురంగులో వెలిగాయి. "ఇది నీకోసం పెట్టిన అమ్మా" అంది. సగం పైసలు ఇవ్వబోతే నేను తీసుకోలేదు.