ఊరి జీవరాశికి ఊరే కావలి

కాకతీయ గణపతిదేవుని కాలమున కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన పాకాల చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది. దాని చుట్టునున్న అడవి వరంగల్, మహబూబాబాద్ జిల్లాలలో వ్యాపించి, 1952లో అభయారణ్యమైనది. అడవి వాననీటిని నిలిపి చెరువునకు అందించును. చెరువు వేసవిలో మృగములకు, పక్షులకు దప్పి తీర్చును. పూర్వులు కట్టినది సేద్యమునకే యైనను, దానివలన బ్రతికిన ప్రాణులు అనేకము.

అట్టి ప్రాణికోటిని కాపాడు భారము ఎవరిది? అటవీశాఖది అని చెప్పుట సులభము. కాని జనగామ మెట్ట చెలకలకు, మహబూబాబాద్ అడవులకు, కాళేశ్వరము వద్ద ప్రాణహిత గోదావరిలో కలియు భూపాలపల్లి తీరమునకు పోలిక తక్కువ. ఒక్కొక్క ఊరి చెట్టుచేమలను ఆ ఊరివారే ఎరుగుదురు. ఈ సత్యమును గుర్తించియే 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థలోను ఒక కమిటీ ఉండవలెనని విధించినది. ఊరి చెట్లు, జంతువులు, పంట రకములు, మూలికలు, వానిని గూర్చి ప్రజలకు గల పరిజ్ఞానము - అన్నింటిని ఆ కమిటీ ఒక రిజిస్టరులో వ్రాయింపవలెను.

ఏండ్ల తరబడి ఈ పని మందముగా సాగినది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు విధించి, 2020 జనవరి 31 నాటికి పని ముగింపని రాష్ట్రములు నెలకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనన్నది. నేడు దేశమున ఈ కమిటీలు రెండున్నర లక్షలకు మించినవి. సంఖ్య గొప్పదే. అయితే గడువునకు భయపడి నింపిన పుస్తకము బీరువాలో నిద్రించును. ఊరివారు చెప్పగా వ్రాసిన పుస్తకము, చెరువు శిఖము ఆక్రమణకు గురియైననాడు సాక్ష్యమునకు నిలుచును.

ప్రజలు తమంతట తామే పూనుకొన్న ఉదాహరణములు లేకపోలేదు. తమిళనాట వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువులోని పక్షుల వేటను సహింపలేక, 1798లోనే చెంగల్పట్టు కలెక్టరు వలన రక్షణ ఉత్తర్వు పొందిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలమునకు ఎరువని వారెరుగుదురు. రాయలసీమలోని వీరాపురమున పెద్ద కొంగలు ఇండ్ల నడిమి చెట్లపైనే గూళ్ళు కట్టును. ఊరివారు వానిని ఇంటికి వచ్చిన చుట్టములవలె చూచుకొందురు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడులకు ఇందు చేయదగిన పని కలదు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఏరు బాలికకు ఏ గట్టుపై ఏ పువ్వు తగ్గినదో తెలియును. ఇప్పపువ్వు ఏరుటకు అడవికేగు కోయ వృద్ధురాలికి ఎలుగుబంటి వచ్చు దారి తెలియును. ఉపాధ్యాయుడు విద్యార్థులచేత ఆ మాటలను స్థానిక నామములతో, తేదీలతో వ్రాయించి పంచాయతీకి అందించినచో రిజిస్టరునకు ప్రాణము వచ్చును. పేరు తెలిసిన చెట్టును నరుకబోవు చేతిని అడ్డుకొనువాడు ఊరిలో ఒక్కడైనను ఉండును. వృద్ధులతోపాటు ఆ పేర్లును పోయినచో, ఏమి పోయినదో చెప్పుటకైన ఎవరును మిగులరు.