ఇంట్లో ఫోటోల ప్రింటర్: కొనే ముందు ఈ లెక్కలు చూసుకోండి



పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగులో ఐదో తరగతి పాప నాయన ఒకరు నా దగ్గరకు వచ్చి, "మేడం, ప్రాజెక్టు అంటే చాలు, రాత్రి తొమ్మిదింటికి ఫోటోల కోసం జిరాక్స్ అంగడి చుట్టూ తిరగాల్సొస్తాంది. ఇంట్లోకే ఒక ప్రింటర్ తెచ్చుకుందామనుకుంటున్నా. ఫోటోలు బాగా రావాల. ఏది కొనమంటారు?" అని అడిగారు.

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. గండికోట, బెలుం గుహలు, కలివి కోడి అంటూ ప్రాజెక్టులు ఇచ్చేది మేమే కాబట్టి, జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా మాదే. నేను ఇంగ్లీష్ టీచర్‌ని, ప్రింటర్ల మెకానిక్‌ని కాదు. కానీ మా ఇంట్లో నాలుగేళ్లుగా ఒక ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. దానితో చేయాల్సిన తప్పులన్నీ నేను చేసేశాను. మీరు మళ్లీ చేయనక్కర లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

ఫోటో కాగితం మీద ఎందుకు?

ఫోన్లో వేల ఫోటోలు ఉండగా ప్రింట్ ఎందుకని మీరు అడగవచ్చు. మా ఇంటి సంగతి చెబుతాను.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను ఆరో తరగతి. మేము మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్లు తీసిన తర్వాత కిందికి దిగి చూస్తే, ట్రంకు పెట్టెలో అమ్మావాళ్ల పెళ్లి ఆల్బమ్ ఒండ్రులో నాని ఉంది. అమ్మ దాన్ని అలాగే ఎండలో పెట్టింది. ఎండిన తర్వాత ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే ముఖాలు ఊడి వచ్చాయి. మా అవ్వ ఒక్కతే ఉన్న ఫోటో అదే ఆల్బమ్‌లో ఉండేది. అదీ పోయింది.

తడిసిన ఫోటోలను ఎండకముందే మంచినీళ్లలో మెల్లగా కడిగి, విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో విడివిడిగా ఆరబెడితే కొన్నైనా దక్కుతాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్ల మీద పడినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా ట్రంకు పెట్టే.

అవ్వ ముఖం మాకు మళ్లీ దొరికింది నంద్యాలలో మా పిన్నమ్మ ఇంట్లో. ఒక గ్రూపు ఫోటోలో చివరన, సగం చీరె మాత్రమే కనబడేలా నిలబడి ఉంది. ఇంకో ఇంట్లో ఇంకో కాపీ ఉండబట్టే దొరికింది. ఫోన్లో ఉన్న ఫోటోకూ ఇదే వర్తిస్తుంది. ఫోన్ నీళ్లలో పడితే, పాస్‌వర్డ్ మరిచిపోతే అంతే సంగతులు. గూగుల్ ఫోటోస్ కూడా 2021 జూన్ 1 నుంచి ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీలోపే. అందుకే డిజిటల్ కాపీ, కాగితం కాపీ రెండూ ఉండాలి.

ముందుగా: మీకు ప్రింటర్ అవసరమేనా?

నెలకు ఐదారు ఫోటోలకు మించి ప్రింట్ చేయని ఇంటికి ప్రింటర్ వద్దు. ఫోటోలన్నీ కూడబెట్టి మూడు నెలలకొకసారి స్టూడియోలో వేయించుకోండి. ల్యాబులో వేసిన ఫోటో బాగుంటుంది, చాలాకాలం నిలుస్తుంది, ఖర్చూ తక్కువే పడుతుంది. వాడకుండా వదిలేసిన ఇంక్‌జెట్ దానంతటదే పాడవుతుంది.

ఇంట్లో ఇద్దరు బడికి పోయే పిల్లలుండి, వారానికొక ప్రాజెక్టు, వర్క్‌షీట్లు, అప్లికేషన్లకు పాస్‌పోర్టు ఫోటోలు కావాలంటే అప్పుడు ప్రింటర్ అక్కరకు వస్తుంది. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫోటోలు ఒక్క 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. వర్క్‌షీట్లు మాత్రమే చాలనుకుంటే లేజర్ ప్రింటర్ మేలు. కానీ ఫోటోలకు అది పనికిరాదు.

ఇంక్‌జెట్ లోపల ఏం జరుగుతుంది?

వెంట్రుక కన్నా సన్నని రంధ్రాల నుంచి ఇంకు చుక్కలు కాగితం మీద పడతాయి. ఆ చుక్కను పీకోలీటర్లలో కొలుస్తారు. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక పీకోలీటర్. క్యానన్, హెచ్‌పీ ఇంటి ప్రింటర్లలో ఇంకును క్షణంలో వేడిచేసి, పుట్టిన బుడగతో చుక్కను నెడతారు. ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో కరెంటు తగిలితే వంగే ఒక చిన్న పలక చుక్కను తోస్తుంది. క్యానన్ ల్యాబులో 1977లో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరంజి సూదికి తగిలి ఇంకు చిమ్మిందనీ, బుడగ పద్ధతి అక్కడే పుట్టిందనీ చెబుతారు. ఈ కథ మీ పిల్లలకు చెప్పండి, నచ్చుతుంది.

ఫోటోలు రెండు పద్ధతుల్లోనూ బాగానే వస్తాయి. పద్ధతి చూసి కొనాల్సిన పని లేదు. చూడాల్సినవి కింద ఉన్నవి.

కార్ట్రిడ్జా, ఇంక్ ట్యాంకా?

కార్ట్రిడ్జ్ ప్రింటర్ కొనేటప్పుడు చవక, వాడేటప్పుడు ఖరీదు. ట్యాంక్ ప్రింటర్ కొనేటప్పుడు ఖరీదు, వాడేటప్పుడు చవక. ఫోటోలకు ఇంకు చాలా తాగుతుంది కాబట్టి, తరచుగా వేసేవాళ్లకు ట్యాంకే లాభం. పైన చెప్పిన నాలుగు కంపెనీలూ ట్యాంక్ ప్రింటర్లు అమ్ముతున్నాయి.

డబ్బా మీద రాసిన "ఇన్ని వేల పేజీలు" అన్న అంకె మామూలు డాక్యుమెంట్లతో లెక్కగట్టినది. అక్షరాల పేజీలో చాలా భాగం తెల్లగానే ఉంటుంది. ఫోటోలో కాగితం అంతా ఇంకే. కాబట్టి ఆ అంకెను ఫోటోలకు అన్వయించుకోవద్దు.

కాగితం ఖర్చు మరిచిపోవద్దు. 20 కాగితాల ప్యాకెట్ 160 రూపాయలనుకుంటే, ఇంకు సంగతి అటుంచి ఫోటోకు కాగితానికే 8 రూపాయలు. దీనికి ఇంకు కలిపి, మీ వీధి స్టూడియో ధరతో పోల్చి చూడండి.

నాలుగు రంగులా, ఆరు రంగులా?

మామూలు ప్రింటర్లో నీలం, గులాబి, పసుపు, నలుపు అని నాలుగు ఇంకులు ఉంటాయి. ప్రాజెక్టు బొమ్మలకు, ఆల్బమ్ ఫోటోలకు ఇవి చాలు. ముఖాల మీద, ఆకాశంలో లేత రంగులు మరింత నున్నగా రావాలంటే ఆరు ఇంకులవి ఉన్నాయి. ఎప్సన్ ఎల్8050, క్యానన్ పిక్స్‌మా జీ570 ఈ రకమే. అయితే ఈ రెండింటిలోనూ స్కానర్ లేదు. పాత ఫోటోలు స్కాన్ చేయాలనుకునే ఇంటికి స్కానర్ ఉన్న నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటరే ఎక్కువ ఉపయోగం. మాది అదే. అవ్వ ఫోటోను దానితోనే స్కాన్ చేశాను.

ఇంకు రకం కూడా అడగండి. డై ఇంకు నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. గ్లాసీ కాగితం మీద మెరుస్తుంది, కానీ తడికి కారుతుంది, ఎండకు త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకులో సన్నని రంగు రేణువులు ఉంటాయి. అది తడినీ వెలుతురునూ బాగా తట్టుకుంటుంది. ఇంటి ప్రింటర్లు చాలావాటిలో రంగులు డై, కొన్నింటిలో నలుపు మాత్రం పిగ్మెంట్.

నేను వేసిన అవ్వ మొదటి ప్రింటును కిటికీకి ఎదురుగా గోడకు అంటించాను. ఒక్క ఎండాకాలానికే పాలిపోయింది. డై ఇంకు ఫోటో ఆల్బమ్‌లో గానీ, నేరుగా ఎండ తగలని చోట అద్దం ఫ్రేములో గానీ ఉండాలి. ప్రింట్ చేసిన వెంటనే ఫ్రేములో బిగించకుండా ఒక రోజు ఆరనివ్వండి.

డీపీఐ అంకెలు చూసి మోసపోవద్దు

డబ్బా మీద 4800 అనో, 5760 అనో ఉంటుంది. అది ప్రింటర్ ఎంత దగ్గరగా చుక్కలు పెట్టగలదో చెప్పే అంకె, మీ ఫోటో స్పష్టత కాదు. ఫోటోకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చాలు. లెక్క ఇదీ:

• 4×6 అంగుళాలకు: 1200×1800 పిక్సెళ్లు, అంటే రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం ఎక్కువ.
• 5×7 అంగుళాలకు: 1500×2100 పిక్సెళ్లు, అంటే మూడు మెగాపిక్సెళ్ల పైచిలుకు.
• ఏ4 సైజుకు: 2480×3508 పిక్సెళ్లు, అంటే తొమ్మిది మెగాపిక్సెళ్లకు కొంచెం తక్కువ.

ఈ రోజుల్లో ఏ ఫోన్ కెమెరా అయినా దీన్ని దాటుతుంది. అసలు చిక్కు వాట్సాప్‌తో. మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 4×6కు అది సరిపోతుంది. ఏ4 మీద వేస్తే అంగుళానికి 140 కూడా రావు, మసకగా కనబడుతుంది. బంధువులను "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి.

ఇంకొకటి. ఫోన్ ఫోటో సాధారణంగా 4:3 కొలత, 4×6 కాగితం 3:2 కొలత. కాగితం నిండా వేస్తే ఒక వైపు తొమ్మిదో వంతు కత్తిరించుకుపోతుంది. గ్రూపు ఫోటోల్లో పొడుగువాళ్ల తలలు పోయేది ఇందుకే. తీసేటప్పుడే పైనా కిందా కాస్త జాగా వదలండి.

కాగితం, సెట్టింగ్

జిరాక్స్ కాగితం బరువు చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు. అది ఇంకును పీల్చి ఉబ్బుతుంది, రంగు చచ్చిపోతుంది. ఫోటో కాగితానికి పైన పూత ఉంటుంది. 180 గ్రాములకు పైబడినది తీసుకోండి. ఆల్బమ్‌కు గ్లాసీ, గోడ ఫ్రేముకు మ్యాట్ బాగుంటాయి. కొత్త రకమైతే ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి చూడండి.

పూత ఉన్న వైపే ప్రింట్ పడాలి. కంప్యూటర్లో గానీ ఫోన్ యాప్‌లో గానీ పేపర్ టైప్ దగ్గర "ఫోటో పేపర్" ఎంచుకోవాలి. నేను మొదటి నెలంతా "ప్లెయిన్ పేపర్" అనే ఉంచి, రంగులు బాగా రావడం లేదని ప్రింటర్‌ను తిట్టుకున్నాను.

మన ఎండకు, మన దుమ్ముకు

చాలా ప్రింటర్ల మాన్యువల్లో 35 డిగ్రీలు దాటని గదిలో వాడమని ఉంటుంది. మే నెలలో కర్నూలులో, కడపలో మధ్యాహ్నం 40 దాటుతుంది. కాబట్టి:

• మిద్దె పై గదిలో, కిటికీ పక్కన పెట్టవద్దు. ఎండాకాలంలో పొద్దున పూటే ప్రింట్ చేయండి.
• వారానికొకసారి అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ వేయండి. సెలవులకు ఊరికి పోయే ముందు, వచ్చిన వెంటనే కూడా. వాడకపోతే ఇంకు రంధ్రాల్లో గట్టిపడుతుంది.
• ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపండి. గోడ స్విచ్ ముందే తీసేస్తే హెడ్డు తన మూత కిందికి పోదు, గాలికి ఎండిపోతుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఒకసారి ఆన్ చేసి బటన్‌తో ఆపండి.
• బేతంచెర్ల వైపు నాపరాళ్ల దుమ్ము గానీ, రోడ్డు దుమ్ము గానీ ఉన్న చోట పాత పంచె కప్పి ఉంచండి.
• గీతలు వస్తే హెడ్ క్లీనింగ్ ఒకటి రెండు సార్లు చాలు. ప్రతిసారీ ఇంకు ఖర్చవుతుంది.

అంగట్లో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. అన్ని రంగుల ఇంకు సీసాలు కలిపి ఎంత? మన ఊళ్లోనే దొరుకుతాయా?
2. ఇంకు డైయా, పిగ్మెంటా?
3. అంచులు వదలకుండా 4×6 వేస్తుందా?
4. స్కానర్, వైఫై ఉన్నాయా?
5. హెడ్డు పోతే వారంటీలో మారుస్తారా? సర్వీస్ సెంటర్ ఎక్కడ?

చివరి ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే, ఎంత తగ్గించి ఇచ్చినా ఆ ప్రింటర్ వద్దు. వీలైతే మీ ఫోన్లోని ఫోటో ఒకటి అక్కడే వేయించి చూడండి.

ఈ నెల పిల్లలతో ఒక పని

ప్రింటర్ కొన్నా, స్టూడియోకు పోయినా, ఈ నెల పిల్లలతో కూర్చుని పన్నెండు ఫోటోలు ఎంచండి. ఒక్కొక్కటీ రెండు కాపీలు వేయించండి. ఆల్బమ్‌లో ప్రతి ఫోటో పక్కన ఒక చీటీ పెట్టి, అందులో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని పిల్లల చేత తెలుగులో ఒక వాక్యం, ఇంగ్లీషులో ఒక వాక్యం రాయించండి. పేర్లు తెలియకపోతే తాతనో అవ్వనో అడగమనండి. ఇది ఏ వర్క్‌షీట్ కన్నా మంచి అభ్యాసం. రెండో సెట్‌ను ఇంకో ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి.

అవ్వ ఫోటో రెండోసారి సరైన కాగితం మీద, సరైన సెట్టింగ్‌తో వేశాను. ఇప్పుడు అది ఆల్బమ్‌లో ఉంది. చీటీ మీద అమ్మ తన చేత్తో అవ్వ పేరు రాసింది. ఒక కాపీ నంద్యాలలో పిన్నమ్మ ఇంటికి పంపాను.

— ఇంగ్లీష్ టీచర్, కర్నూలు బ్రాంచి