ఊళ్ల కథలలో బ్రిటను చరిత్ర

ఇంగ్లాండు చరిత్ర యనఁగానే మన తరమువారికి స్ఫురించునది రాజుల వరుస. విలియమ్ జయించెను, హెన్రీ యేలెను, చార్లెసు శిరస్సు తెగెను. బడిలో మనము వల్లించినదియు నింతే. అయితే ఆ దేశపు టెలివిజనువారు కొంతకాలముగా నీ వరుసను ప్రక్కనుంచి, ఒక్కొక్క యూరిని బట్టుకొని దేశచరిత్రను జెప్పుచున్నారు. ఆ పద్ధతి యెట్టిదో నేఁడు మనవి చేసెదను.

2010లో బి.బి.సి. వారు మైకేల్ వుడ్ అను చరిత్రకారునిచేత ఆఱు భాగముల కథ నొకదానిని ప్రసారము చేయించిరి. 2007లో మన దేశచరిత్రనుగూర్చి చిత్రములు దీసినవాఁ డితఁడే. ఇంగ్లాండు చరిత్రకై యతఁ డెన్నుకొన్నది లండను గాదు. లెస్టరుషైరులోని కిబ్‌వర్తు అను చిన్న యూరు. రోమకుల కాలము మొదలు మొన్నటివఱకు దేశమున జరిగినదెల్ల ఆ యూరివారికెట్లు తగిలెనో చూపుటయే యాతని సంకల్పము.

చిన్నయూరి కింత చరిత్ర యెక్కడినుండి వచ్చెనందురా? మొదటిది నేలనుండి. ఊరివారే తమ పెరళ్లలో మీటరు పొడవు, మీటరు వెడల్పుగల గుంటలు త్రవ్విరి. ఒక్కమాఱుగా లోఁతు త్రవ్వరాదు. పది సెంటిమీటర్ల పొర దీసి, ఆ మన్ను జల్లించి, దొరకిన కుండపెంకులను వేఱుగా నుంచి, పిమ్మట క్రిందిపొరకుఁ బోవలెను. ఏ పెరటిలో నే కాలపు పెంకులు మెండో గుర్తించినచో, ఏ కాలమున నూరెంతవఱకు వ్యాపించెనో తెలియును. ఇందులకుఁ బాండిత్య మక్కఱలేదు, ఓపిక చాలును.

రెండవది కాగితమునుండి, కాదు, తోలుచుట్టలనుండి. 1086 నాఁటి డూమ్సుడే గ్రంథమున నా యూరి పేరున్నది. 13వ శతాబ్దమున నూరిలో నొక భాగము ఆక్సుఫర్డులోని మెర్టన్ కళాశాల వశమయ్యెను. నాఁటినుండి ఎవఁ డే చేను దున్నెను, ఎంత శిస్తు గట్టెను, ఎవనికి జుల్మానా పడెనను లెక్కలు ఆ కళాశాలలో భద్రముగా నున్నవి. మన కరణము కవిలెకట్టవంటివే యనుకొనుఁడు. 1349లో మహామారి వచ్చినప్పుడు కౌలుదారులు వరుసగా మరణించుటయు, వారి భూములు చేతులు మాఱుటయు నందు గానవచ్చును. శోకవాక్య మొక్కటియు లేదు; లెక్కయే యున్నది. దానిని జదివి వినిపించునప్పుడు గుండె కలఁగును.

ఇట్టివి మనకును లేకపోలేదు. స్కాట్లండు దీవియందలి స్టోర్నవేలోఁ బుట్టిన కర్నలు మెకంజీ, కావలి సోదరుల సాయముతో మన గ్రామముల కైఫీయతులు వ్రాయించి తెప్పించుకొనెను, అవి నిలిచినవి. 1984లో కరణపు టుద్యోగములు రద్దయిన వెనుక ఇండ్ల యటుకలమీఁద నుండిపోయిన కవిలెల గతి యేమైనదో, ఆ యిండ్లవారినే యడుగవలెను.

2011లో నికొలస్ క్రేన్ అనునతఁడు లడ్లో, స్కార్బరో, పెర్తు, టాట్నెసు పట్టణములనుగూర్చి యిట్లే చెప్పెను. కన్నులపండువే గాని, నాకొక సందేహము. కెమెరాకుఁ గోట కనఁబడును, సముద్రతీరము కనఁబడును, ఆఁకలి కనఁబడదు. అందమైన యూరికి అందమైన చరిత్ర యే యుండునని చూపరి భ్రమపడును.

ఆ భ్రమను బోఁగొట్టినది డేవిడ్ ఒలుసోగా చూపిన బ్రిస్టలు కథ. నైజీరియాలోఁ జన్మించి యింగ్లాండులోఁ బెరిగిన యీ చరిత్రకారుఁడు, 2020లో ఆ రేవుపట్టణపు గినీ వీథిలోని యొక్క యింటినే తీసికొని, దానిలోఁ గాపురమున్నవారి కథలు వరుసగాఁ జెప్పెను. గినీ యనఁగా ఆఫ్రికా పడమటి తీరము, వీథిపేరే సాక్ష్యము. 1718లో ఆ యిల్లు గట్టినవాఁడు బానిసల నోడలకెక్కించి యమ్మిన కెప్టెను ఎడ్మండు సాండర్సు. తరువాత నచ్చట నివసించిన యొకఁడు, పారిపోయిన తన బానిసను బట్టియిచ్చినవారికి బహుమాన మిత్తునని పత్రికలోఁ బ్రకటించెను. ఆ బానిస తన మాట యేమియు వ్రాసిపెట్టలేదు. యజమాని ప్రకటనయే యాతని చరిత్ర.

ఆ భాగములు ప్రసారమగుచుండఁగనే, జూన్ 7వ తేదీని, బ్రిస్టలు జనులు ఎడ్వర్డు కోల్‌స్టన్ విగ్రహమును గూలఁద్రోసి రేవునీటిలోఁ బడవైచిరి. అతఁడు బానిస వర్తకమున ధనము గడించి, ఊరికి ధర్మములు చేసినవాఁడు, 1721లో మరణించెను. విగ్రహ మెత్తినది 1895లో. దానిని నీటినుండి తీసి యూరి ప్రదర్శనశాలలో నుంచినప్పుడు నిలువఁబెట్టలేదు, జనులు పూసిన రంగునుం దుడిచివేయలేదు, వెల్లకిలఁ బరుండఁబెట్టిరి.