మెడ దగ్గర మొదలుపెట్టే స్వెట్టరు

దసరా వెళ్ళి దీపావళి వచ్చేసరికి బెంగుళూరు ఇళ్ళలో ట్రంకు పెట్టెలు తెరుచుకుంటవి. సముద్రమట్టానికి సుమారు మూడువేల అడుగుల ఎత్తున వున్న వూరు మనది. 1884 జనవరి 13న యిక్కడ ఉష్ణోగ్రత 7.8 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగినది. తరువాత బిన్నీ మిల్లని పేరుపడ్డ ఊలు, నూలు మిల్లు కూడా ఆ 1884లోనే వెలిసింది. ఆ మిల్లు మూతపడింది గాని, దాని కంబళ్ళు మన పాత కుటుంబాలలో కొందరు యింకా కప్పుకుంటూనే వున్నారు.

పోయిన సంవత్సరం మా పెట్టెలో అటువంటి కంబళి క్రింద ఒక దిండు గలీబు దొరికింది. అందులో మా అమ్మ అల్లిన స్వెట్టరు ముక్కలు వున్నవి. వీపు, ముందు భాగం, ఒక పూర్తి చెయ్యి, మోచేతి వరకు వచ్చిన రెండో చెయ్యి. 2011లో నాన్నగారి కోసం మొదలుపెట్టింది. మధ్యలో చూపు మందగించింది. 2013లో మనిషే లేకపోయింది. రెండు సూదుల పద్ధతిలో వున్న చిక్కే యిది. నాలుగు ముక్కలూ అల్లి, కుట్టి, మెడ కట్టేదాకా అది స్వెట్టరు కాదు. అంతవరకు ఎంత అల్లినా ఒంటికి పనికిరాదు.

విప్పి పాపకు అల్లుదామంటే నాన్నగారు యిన్నేళ్ళూ ఒప్పుకోలేదు. "అది ఆవిడ చేతిపని. అట్లాగే వుండనీ" అనేవారు. ఈసారి వీపు ముక్కను కిటికీ వెలుతురులో పట్టి చూపించాము. చిమటలు కొట్టి జల్లెడలా వున్నది. చాలాసేపు చూచి, "సరే, విప్పు" అన్నారు. విప్పుతూ వుంటే తామే రెండు చేతులూ చాచి కూర్చుని చిలప పట్టారు. వెనుకటి రోజుల్లో అమ్మకు అట్లాగే పట్టేవారు.

విప్పిన ఊలు వంకీలు తిరిగి వుంటుంది. అట్లాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తవి. చిలపను నాలుగుచోట్ల నూలుదారంతో వదులుగా కట్టి, గోరువెచ్చని కుంకుడురసంలో నానబెట్టి, పిండకుండా అదిమి, నీడన వ్రేలాడదీయాలి. వంకీలు చాలావరకు పోతవి. చిమట కొట్టిన భాగం తీసివేయగా మాకు 270 గ్రాములు మిగిలింది. చిక్కపేటలో రెండు మూడు దుకాణాలు తిరిగినా ఆ ఆకుపచ్చ దొరకలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు యీ ఊలు సరిపోతుందా? క్రింది అంచు దగ్గర మొదలుపెట్టి, చివరకు ఒక చేతికి ఊలు లేకపోతే?

ఆఫీసులో పక్క సెక్షను ఆవిడ భోజనాల వేళ అల్లుతూ వుంటుంది. మా గొడవ విని, "మేలినింద కెళక్కె మాడ్రీ" అన్నది. పైనుంచి క్రిందికి, అంటే మెడ దగ్గర మొదలుపెట్టమని. ఊలు ఎక్కడ అయిపోతే అక్కడే అంచు. పొడుగులో ఒకటి రెండు అంగుళాలు తగ్గవచ్చునేమో గాని, చెయ్యి లేని స్వెట్టరు కాదు.

ఈ పద్ధతిని అమెరికాలో బార్బరా వాకర్ అనే ఆవిడ 1972లో ఒక పుస్తకంగానే వ్రాసింది. మెడ నుంచి చంకకు ఏటవాలుగా దిగే చేతికి రాగ్లాన్ అని పేరు. 1815 వాటర్లూ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న రాగ్లాన్ ప్రభువు పేరు అది. చెయ్యి పోయినవాడి పేరే చేతికి పెట్టారు! మన నరసాపురం వైపు లేసు అల్లేవారికి యిది వింతగా తోచదు. వారు గుండ్రని గుడ్డను నడిమి నుంచి మొదలుపెట్టి, కుట్లు పెంచుతూ బయటికి వస్తారు. యిక్కడ నడిమి బదులు మెడ, అంతే తేడా.

కావలసినది గుండ్రపు సూది. రెండు పొట్టి సూదుల మధ్య సన్నని తీగ వుంటుంది. 4 మిల్లీమీటర్లది, మన లెక్కకు 8వ నంబరు, ఒకటి. అంచులకు 10వ నంబరు ఒకటి. గుండ్రంగా అల్లితే బయటివైపే ఎప్పుడూ మనకు ఎదురుగా వుంటుంది కనుక అన్నీ ప్లెయిన్ కుట్లే. పర్ల్ కుట్టు అంచులకు మాత్రమే. మా చేతికి అంగుళానికి 5 కుట్లు, 7 వరుసలు వచ్చినవి. మీ చేతికి ఎన్ని వస్తవో నాలుగంగుళాల ముక్క అల్లి కొలుచుకోండి. ఈ పని ఎగగొట్టినవారు తరువాత స్వెట్టరంతా విప్పుకుంటారు.

పాప ఛాతీ 26 అంగుళాలు. రెండంగుళాలు వదులు కలిపి 28, అంటే 140 కుట్లు. మెడకు 72 కుట్లు ఎక్కించి, మెలిక పడకుండా చూచి గుండ్రంగా కలపాలి. మెలిక పడితే తరువాత సరిచేసే దారి లేదు. రెండు ప్లెయిన్, రెండు పర్ల్ చొప్పున అంగుళం అంచు అల్లి, పెద్ద సూదికి మారాలి. ఆ 72ను ముందుకు 24, వెనుకకు 24, చేతులకు 12 చొప్పున పంచి, హద్దుల్లో నాలుగు రంగుదారపు ముళ్ళు తగిలించాలి. చుట్టు విడిచి చుట్టు, ప్రతి ముడికీ రెండు పక్కలా ఒక్కొక్క కుట్టు పెంచాలి. అంటే చుట్టుకు 8. రెండు కుట్ల మధ్య అడ్డదారాన్ని ఎత్తి మెలిపెట్టి అల్లితే చిల్లు పడదు. ఇట్లా 20 సార్లు పెంచితే 232 కుట్లు అవుతవి; చంక వస్తుంది.

అప్పుడు ఒక్కొక్క చేతి 52 కుట్లనూ నూలుదారం మీదికి ఎక్కించి వదలివేయాలి. ముందు 64, వెనుక 64, చంకల క్రింద కొత్తగా 6 చొప్పున. లెక్కకు 140 సరిపోయినవి.

మా మొదటి తప్పు మెడ దగ్గరే జరిగింది. బిగించి కుట్లు ఎక్కించాము. భుజాల వరకు అల్లి వేసి చూడబోతే పిల్ల తల దూరలేదు, చెవులు ఎర్రబడినవి. అంతా విప్పి, రెండు సూదులు జోడించి వాటి మీద వదులుగా ఎక్కించాము. అది రెండంగుళాల పని కనుక ఒక ఆదివారంతో పోయింది.

చంక దాటి రెండంగుళాలు అల్లి ఒంటిని ఆపివేసి, ముందు చేతులు పూర్తిచేశాము. కొలత తప్పరానిది చేతులకే కదా! చంకలో 6 కలుపుకొని 58 కుట్లు. ప్రతి 6వ చుట్టులో 2 చొప్పున తగ్గిస్తూ 36కు తెచ్చి, రెండంగుళాల అంచుతో ముగించాము. సన్నని గొట్టం గనుక మేజోళ్ళు అల్లే పొట్టి సూదులు వాడాము. ప్రతి రాత్రి మిగిలిన ఉండను వంటింటి కాటాలో తూచేవారము. రెండో చెయ్యి ముగిసేనాటికి 104 గ్రాములు వున్నది.

పాపకు వేసి చూచినప్పుడల్లా నాన్నగారు పేపరు దించి చూచేవారు. ఒకనాడు దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యివేసి, "ఇక్కడ కుట్టు లేదే!" అన్నారు. కలిపిందేమీ లేదు, అంతా ఒకే దారమన్నాము. మళ్ళీ ఒకసారి తడిమి చూచారు.

నడుము దిగి ఇంకా రెండంగుళాలు వుండగా ఉండ చిన్నదైంది. అంచు మొదలుపెట్టాము. ముగింపు చుట్టుకు ఒంటి వెడల్పుకు మూడు నాలుగింతలు దారం దాచుకోవాలి. ఎనభై అంగుళాలదాకా దాచి, మిగతాది అల్లి, వదులుగా ముగించాము. జానెడు ముక్క మిగిలింది. పిల్ల దాన్ని బొమ్మ జడకు కట్టింది.

ఇప్పటికి ఆ పిల్ల రెండంగుళాలు పొడుగైంది. ఈ దీపావళికి క్రింది అంచు, చేతుల అంచులు విప్పి, కుట్లను సూదిమీద ఎత్తుకొని బూడిదరంగు ఊలుతో క్రిందికి పెంచుతున్నాము. ఆ ఊలు రెండు ఉండలు చిక్కపేటలో నాన్నగారే ఎంచి తెచ్చారు.