తేనెటీగల పెట్టెలో చట్రము

పూర్వము తేనె తీయువారు పొగవేసి, పట్టును కోసి, గుడ్డలో పిండెడివారు. తేనెతోపాటు గ్రుడ్లును, పిల్లపురుగులును నలిగిపోయెడివి. ఇల్లు చెడిన యీగలు లేచిపోయెడివి. మరుసటి యేడు తేనె కావలెనన్న మరియొక పుట్టనో, చెట్టుతొఱ్ఱనో వెదకుకొనవలసినదే. ఈ నాశనమును మాన్పినది నాలుగు కొయ్యబద్దలతో కూర్చిన చట్రము. అయినను, క్రొత్తగా తేనెటీగలను పెంచబూనినవాడు పెట్టె రంగును, ధరను చూచునంత శ్రద్ధగా చట్రమును చూడడు.

1851వ సంవత్సరమున అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతాచార్యుడు ఒక చిన్న విషయమును కనిపెట్టెను. తేనెటీగలు తాము తిరుగాడుటకు సుమారు 6 మొదలు 9 మిల్లీమీటర్ల వరకు సందును విడిచిపెట్టును. సందు అంతకంటె ఇరుకైనచో చెట్లనుండి తెచ్చిన జిగురుతో పూడ్చివేయును. వెడల్పైనచో అందును పట్టు కట్టును. చట్రమునకును పెట్టె గోడకును నడుమ సరిగా ఆ సందే యుంచినచో చట్రము ఎచ్చటను అతుకుకొనదు. అరలోని పుస్తకమును తీసినట్లు దానిని పైకి తీసి, చూచి, మరల ఉంచవచ్చును. తేనెను యంత్రమున త్రిప్పి తీసి, ఖాళీ పట్టును తిరిగి యీగలకే ఈయవచ్చును.

ఆయన చట్రము పెద్దది. వెలుపలి కొలత సుమారు 448 మిల్లీమీటర్ల పొడవు, 232 మిల్లీమీటర్ల ఎత్తు. అది ఐరోపా జాతి యీగకు తగినది. మన పుట్టతేనెటీగ చిన్నది, దాని కుటుంబమును చిన్నదే. పిల్లలున్న పట్టును ఈగలు తమ ఒంటి వేడిమిచే 34, 35 డిగ్రీల వెచ్చదనమున నిలుపవలెను. అంత పెద్ద పట్టును చిన్న కుటుంబము నింపనూలేదు, కాపాడనూలేదు. అందుచేతనే తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు 1911 తరువాతి సంవత్సరములలో ఈ దేశపు ఈగకు చిన్న పెట్టెను రూపొందించెను. నేటి భారతీయ ప్రమాణములలో ఏ రకపు పెట్టె దాని ననుసరించినదే. చట్రపు లోపలి కొలత 210 మిల్లీమీటర్ల పొడవు, 145 మిల్లీమీటర్ల ఎత్తు.

1962లో పంజాబు కొండప్రాంతమైన నగ్రోటా బగవాన్‌లో (నేడది హిమాచల్ ప్రదేశ్‌లోనిది) ఇటలీ జాతి యీగలను పెంచుట ఫలించెను. అవి క్రమముగా ఇతర ప్రాంతములకు వ్యాపించినవి. కావున క్రొత్తవాడు మొదట నిర్ణయింపవలసినది ఈగను, చట్రము తరువాత. ఇటలీ యీగలకు ఒక పట్టు నడిమినుండి పక్కపట్టు నడిమికి సుమారు 35 మిల్లీమీటర్లు కావలెను. మన యీగలకు 31, 32 చాలును. చట్రమున అమర్చు మైనపురేకు విషయమును అట్టిదే. ఇటలీ యీగ గది వెడల్పు 5 మిల్లీమీటర్లకు మించును, మన యీగ గది అంతకు చిన్నది. ఒకదాని రేకును వేరొకదాని కిచ్చినచో పట్టు సక్రమముగా రాదు.

కలప బాగుగా ఆరినదై, ఘాటైన వాసన లేనిదై యుండవలెను. పచ్చికొయ్య మెలిపడును. ప్లాస్టిక్ చట్రములును దొరకును గాని, మైనము పూయనిచో ఈగలు వానిపై పట్టు కట్టుటకు వెనుకాడును. సన్నని తీగలు బిగువుగా లాగి కట్టవలెను. లేనిచో వేసవి యెండలో తేనె బరువునకు పట్టు జారిపడును.

అన్నిటికంటె పెద్ద పొరపాటు వేరొకటి గలదు. కొన్ని చట్రములు ఒకచోట కొని, మిగిలినవి చౌకగా మరొకచోట చేయించుట. వడ్రంగి నేర్పరియే కావచ్చును. తేనెటీగ ఆతనికంటె కొలతపట్టింపు గలది. నాలుగు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. కొన్ని వారములకు పెట్టె తెరచిన నాడు ఒక చట్రము గోడకు, వేరొకటి పక్కచట్రమునకు అతికియుండును. బలవంతముగా లాగినచో పట్టు చినిగి, పిల్లపురుగులు నేలరాలును. రాణియీగయే నలిగిన నలుగవచ్చును. మన యీగ ఇట్టి అలజడిని సహింపదు, ఇల్లు విడిచిపోవును.

కాబట్టి చట్రములన్నియు ఒకేచోట కొనవలెను. కొనునపుడే ఒక్కొక్కదానిని పెట్టెలో దించి, అది ఇటునటు పట్టక జారుచున్నదో లేదో, ప్రక్కన చిటికెనవ్రేలు దూరనంత సందు మాత్రమే యున్నదో లేదో చూడవలెను.