ఫ్యాన్ హోరు వెనక కథ

ఎండాకాలం సెలవులకు వచ్చిన మా మనవడు మధ్యాహ్నం మంచమెక్కి, ల్యాప్‌టాప్‌ను పరుపు మీదే పెట్టుకుని ఆట మొదలుపెట్టాడు. పది నిమిషాలు గడిచాయో లేదో, గదిలో పిండిమర తిరుగుతున్నట్టు ఒకటే హోరు. "తాతయ్యా, దీని ఫ్యాన్ పాడైనట్టుంది, షాపులో చూపిద్దామా?" అన్నాడు దిగులుగా.

"ముందు దాని వెనక వైపు చెయ్యి పెట్టి చూడరా" అన్నాను. పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. గాలి అంత వేడిగా వస్తోంది.

చూశావా నాన్నా, ఫ్యాన్ పాడవలేదు, దాని పని అది చేస్తోంది. ఇందులో లెక్కలు చేసే చిప్పు ఒకటి, బొమ్మలు గీసే చిప్పు ఇంకొకటి ఉన్నాయి. పెద్ద ఆట ఆడేటప్పుడు ఇలాంటి ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ కలిసి 150 వాట్ల దాకా కరెంటు తీసుకుంటాయి. అదంతా చివరికి వేడిగానే మారుతుంది. మా రోజుల్లో 60 వాట్ల బల్బు వెలుగుతుంటే ముట్టుకోలేకపోయేవాళ్ళం. అలాంటి రెండు బల్బుల కంటే ఎక్కువ వేడి, పోస్టల్ స్టాంపులంత జాగాలోంచి పుడుతోందన్నమాట!

ఆ వేడిని అక్కడినుంచి మోసుకెళ్ళేది రాగి గొట్టం. దాన్ని హీట్ పైప్ అంటారు. నాకెంతో ఇష్టమైన వస్తువది. లోపల బోలుగా ఉంటుంది. అందులో కొద్ది చుక్కల నీళ్ళు పోసి, గాలి లాగేసి మూసేస్తారు. గాలి ఒత్తిడి లేనిచోట నీళ్ళు మరగడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు, చాలా తక్కువ వేడికే ఆవిరైపోతాయి. చిప్పు దగ్గర పుట్టిన ఆవిరి చల్లగా ఉన్న రెండో కొసకు పరుగెత్తి, అక్కడ వేడిని వదిలేసి మళ్ళీ నీళ్ళవుతుంది. అమ్మమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కింద చుక్కలు వేలాడతాయే, అచ్చం అలాగే. మరి ఆ నీళ్ళు వెనక్కి ఎలా వస్తాయి? గొట్టం లోపలి గోడకు సన్నటి రాగి పొడి పొర ఉంటుంది. దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్టు అది నీటిని పీల్చి చిప్పు దగ్గరికి చేరుస్తుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ ఇలాంటి గొట్టాన్ని తయారు చేశాడు. ఆయన మనసులో ఉన్నది అంతరిక్షం. ఇప్పుడది నీ ఒళ్ళో ఉంది.

గొట్టం రెండో కొసన పల్చటి రేకులు దువ్వెన పళ్ళలా వరసగా ఉంటాయి. ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలి ఊది వేడిని బయటికి నెడుతుంది. అది చల్లదనాన్ని పుట్టించలేదు, గదిలో ఉన్న గాలినే వాడుకుంటుంది. బయట 43 డిగ్రీలుంటే దానికి దొరికేది కూడా ఆ వేడిగాలే. అందుకే చలికాలంలో మెల్లగా తిరిగిన ఫ్యాన్ మే నెలలో హోరెత్తుతుంది.

"మరి ఒక్కోసారి ఉత్తినే ఏదో ఫైలు తెరిస్తే చాలు, బుస్సుమంటుందేం? ఆట ఆపేశాక కూడా తిరుగుతూనే ఉంటుందేం?" అన్నాడు.

మంచి ప్రశ్న. పోపు గరిటె పొయ్యి మీద పెట్టగానే కాగుతుంది, గంగాళంలో నీళ్ళు కాగాలంటే చాలాసేపు పడుతుంది. చిప్పు పోపు గరిటె లాంటిది. ఒక్కసారి గట్టిగా పనిచేస్తే క్షణంలో దాని వేడి ఎగబాకుతుంది, అది చూసి ఫ్యాన్ లేస్తుంది. రాగి, రేకులు గంగాళం లాంటివి. ఆట ఆగినా వాటిలో నిలవున్న వేడి పోవాలిగా! పైగా ఫ్యాన్‌కు లేచే గీత ఒకటి, ఆగే గీత ఇంకొకటి పెడతారు. 60 డిగ్రీలకు లేచిందనుకో, 50కి దిగితేగానీ ఆగదు. రెండూ ఒకటే అయితే నిమిషానికి పదిసార్లు లేస్తూ ఆగుతూ ఉంటుంది.

ఫ్యాన్ వేగం రెట్టింపైతే గాలీ రెట్టింపవుతుంది, కానీ దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. చప్పుడూ బాగా పెరుగుతుంది. అంత కష్టపడినా గాలి చాలకపోతే, 100 డిగ్రీల దరిదాపుల్లో చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడే నీ ఆట నత్తనడక నడుస్తుంది.

ఇంతసేపూ నీ పరుపు చేసిందేమిటంటే, గాలి లోపలికి వెళ్ళే కింది రంధ్రాలను మూసేసింది. వంటింట్లోంచి చెక్క పీట తెచ్చి ల్యాప్‌టాప్ దాని మీద పెట్టాం. కాసేపటికి హోరు కాస్త తగ్గింది. రేకుల మధ్య దుమ్ము దట్టంగా పేరుకున్నా ఇదే బాధ. ఏడాదికోసారైనా తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించాలి.

పిల్లలూ, మీరూ ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీదే పెట్టుకోండి. ఆట అయిపోగానే సంచిలో కుక్కేయకండి, ఆ ఫ్యాన్ నెమ్మదించేదాకా కాసేపు ఆగండి.